పొరుగు వెలుగులో కరిగే చక్రాలు

నక్షత్రం పుట్టేటప్పుడు దాని చుట్టూ ఒక చక్రం కూడా పుడుతుంది. చల్లని వాయుమేఘంలో ఒక ముద్ద తన బరువుకు తానే కుంగిపోతుంటే, అందులో మొదటి నుంచీ ఉన్న కొద్దిపాటి తిరుగుడు కుంగేకొద్దీ వేగం పుంజుకుంటుంది. తిరుగుడు తక్కువగా ఉన్న పదార్థం నడిమికి పడి నక్షత్రమవుతుంది. మిగిలింది నడిమికి చేరలేక చుట్టూ పలచగా పరుచుకుంటుంది. ఇందులో నూటికి దాదాపు తొంభై తొమ్మిది పాళ్ళు వాయువు, ఒక పాలు ధూళి. గ్రహాలన్నీ తయారయ్యేది ఈ చక్రంలోనే. 460 కోట్ల ఏళ్ళ కిందట సూర్యుడి చుట్టూ ఉన్న చక్రం ఇప్పుడు లేదు. దాని నుంచి ఏర్పడిన గ్రహాలు, తోకచుక్కలు, రాతి తునకలు మిగిలాయి.

చక్రానికి ఆయుష్షు తక్కువ. వెచ్చని ధూళి పరారుణ కాంతిని వెదజల్లుతుంది కాబట్టి, ఒక నక్షత్రం దగ్గర నుంచి రావలసిన దానికంటే ఎక్కువ పరారుణ కాంతి వస్తుంటే దాని చుట్టూ ఇంకా చక్రం ఉన్నట్టే. వేర్వేరు వయసుల నక్షత్ర సమూహాల్లో ఇలా లెక్కపెట్టి చూస్తే, సుమారు 30 లక్షల ఏళ్ళకు సగం నక్షత్రాలు చక్రాన్ని పోగొట్టుకుంటాయని 2001 నాటి ప్రసిద్ధమైన పరిశీలన ఒకటి తేల్చింది. కోటి ఏళ్ళు దాటాక చక్రంతో కనిపించేవి చాలా అరుదు. గురుడు, శని వంటి వాయు గ్రహాలు తయారు కావాలంటే ఈ గడువులోపే కావాలి. ఆ తర్వాత పోగు చేసుకోవడానికి వాయువే ఉండదు.

చక్రం తరిగిపోయే దారులు కొన్ని ఉన్నాయి. కొంత వాయువు మెల్లగా లోపలికి జారి సొంత నక్షత్రంలోనే పడిపోతుంది. కొంత గ్రహాల్లో చేరుతుంది. సొంత నక్షత్రపు ఎక్స్ కిరణాలూ అతినీలలోహిత కిరణాలూ కొంత వాయువును ఎగరగొడతాయి. ఇవన్నీ ఇంటి లోపలి సంగతులు. ఈ అధ్యాయం నాలుగో దారి గురించి: పక్కన పుట్టిన ఒక భారీ నక్షత్రం తన వెలుగుతో పొరుగు చక్రాలను బయటి అంచు నుంచి కోసివేయడం. ఈ కోతకు ఎక్కువగా బలయ్యేది సూర్యుడి కంటే చిన్న నక్షత్రాల చక్రాలు. మన గెలాక్సీలో పుట్టే నక్షత్రాల్లో ఎక్కువ భాగం ఈ చిన్నవే. అవి పుట్టేది కూడా ఎక్కువగా గుంపుల్లోనే. కాబట్టి దీన్ని అక్కడక్కడా జరిగే ప్రమాదంగా లెక్కకట్టి పక్కన పెట్టడానికి వీల్లేదు. గ్రహాల పుట్టుక కథలో ఇది ముఖ్యమైన భాగం.

ముందు కోసే కత్తి సంగతి. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. దాని వెలుగు ఎక్కువగా కంటికి కనిపించేదే. సూర్యుడికి ఇరవై, ముప్ఫై రెట్లు బరువున్న నక్షత్రం ఉపరితలం 30,000 డిగ్రీలు దాటుతుంది. అలాంటివాటిని ఖగోళ శాస్త్రజ్ఞులు ఓ రకం నక్షత్రాలంటారు. అవి విరజిమ్మే వెలుగులో సింహభాగం అతినీలలోహితం. అందులో రెండు పాయలను వేరువేరుగా చూడాలి. తరంగ దైర్ఘ్యం 91.2 నానోమీటర్ల కంటే తక్కువైన కిరణాలు హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టగలవు. అలా అయనీకరణ చెందిన వాయువు 10,000 డిగ్రీలకు వేడెక్కుతుంది. 91.2 నుంచి 200 నానోమీటర్ల దాకా ఉన్న రెండో పాయకు హైడ్రోజన్‌ను చీల్చే శక్తి లేదు. కానీ ధూళి కణాల నుంచి ఎలక్ట్రాన్లను రాబట్టి, అణువులను విడగొట్టి, వాయువును కొన్ని వందల డిగ్రీల నుంచి వెయ్యి డిగ్రీల పైచిలుకు దాకా వేడెక్కించగలదు. చూడడానికి బలహీనంగా కనిపించే ఈ రెండో పాయే చాలాచోట్ల అసలు పని చేస్తుంది. మొదటి పాయ దారిలో హైడ్రోజన్ తగిలిన వెంటనే ఖర్చయిపోతుంది. రెండోది ఇంకా లోతుకు చొచ్చుకుపోతుంది.

వేడెక్కిన వాయువు నక్షత్రాన్ని వదిలిపోతుందా లేదా అన్నది ఒక చిన్న లెక్క. వేడికి వాయువు వ్యాపించే వేగం ఒకవైపు, నక్షత్రపు గురుత్వాకర్షణ పట్టు మరోవైపు. వెయ్యి డిగ్రీల వాయువు సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల వేగంతో వ్యాపిస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. భూమికి సూర్యుడికి మధ్య దూరాన్ని ఒక ఖగోళ యూనిట్ అంటారు. 100 యూనిట్ల దూరంలో తిరిగే వస్తువు వేగం సెకనుకు 3 కిలోమీటర్లే. అంటే సూర్యుడంతటి నక్షత్రం చుట్టూ 100 యూనిట్ల దగ్గర వాయువు వేగమూ, అక్కడి పట్టూ సరిసమానమవుతాయి. అంతకంటే బయట ఉన్న వేడి వాయువు కట్టు తెంచుకుని పోతుంది. ఇప్పుడు నక్షత్రం బరువు సూర్యుడిలో అయిదో వంతు అనుకుంటే ఆ హద్దు 20 యూనిట్ల దగ్గరికి వచ్చేస్తుంది. మన సౌరకుటుంబంలో నెప్ట్యూన్ ఉన్నది 30 యూనిట్ల దగ్గర. అదే వెలుగు, అదే వేడి, అయినా చిన్న నక్షత్రం నెప్ట్యూన్ కక్ష్య లోపలి వాయువును సైతం పట్టి ఉంచుకోలేదు. నిజానికి హద్దు ఇంత గీత గీసినట్టు ఉండదు. 2004లో ఫ్రెడ్ ఆడమ్స్, ఆయన సహచరులు చేసిన లెక్కల ప్రకారం ఈ దూరం లోపల నుంచి కూడా వాయువు చెప్పుకోదగినంతగా జారిపోతుంది.

ఈ కోతను కళ్ళారా చూడగలిగిన మొదటి చోటు ఓరియన్ నీహారిక. దక్షిణ కోస్తా ఆంధ్రలోని కోట, వాకాడు, తూపిలిపాలెం తీరం నుంచి జనవరి నెలలో రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య ఆకాశంలో చాలా ఎత్తున, కాస్త దక్షిణానికి, గొల్లకావడి మూడు చుక్కలు వరసగా కనిపిస్తాయి. వాటి కింద చిన్న చుక్కల వరస ఒకటి వేలాడుతుంటుంది. ఆ వరస నడిమి చుక్క చూపు నిలిపి చూస్తే మసకగా ఉంటుంది. అదే ఓరియన్ నీహారిక, మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. చిన్న దుర్భిణితో చూస్తే మసక మధ్య నాలుగు నక్షత్రాలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. వాటిని ట్రపీజియం అంటారు. నాలుగింటిలో పెద్దది తీటా 1 ఓరియనిస్ సి. బరువు సూర్యుడికి ముప్ఫై రెట్లు దాటుతుంది, వెలుగు లక్ష రెట్లు పైమాట. నీహారిక అంతా వెలుగుతున్నది ముఖ్యంగా ఈ ఒక్క నక్షత్రం వల్లే. దాని చుట్టూ 10 లక్షల నుంచి 30 లక్షల ఏళ్ళ వయసున్న చిన్న నక్షత్రాలు వేల సంఖ్యలో కిక్కిరిసి ఉన్నాయి.

1979లో లాక్, విడాల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ట్రపీజియం పక్కనే ఆరు చిన్న వెలుగు ముద్దలను గుర్తించారు. అవేమిటో అప్పటికి తెలియలేదు. 1987లో ఎడ్ చర్చ్‌వెల్ బృందం వాటిని రేడియో తరంగాల్లో పరిశీలించి, చిన్న నక్షత్రాల చుట్టూ ఉన్న పదార్థం భారీ నక్షత్రపు వెలుగుకు ఆవిరైపోతున్న గుర్తులు కావచ్చని సూచించింది. ఆ సూచన నిజమని చూపింది హబుల్ టెలిస్కోపు. రాబర్ట్ ఓడెల్ 1990ల మొదట్లో తీసిన చిత్రాల్లో ఆ ముద్దలు విడివిడి ఆకారాలుగా తేలాయి. వాటికి ఆయన ప్రొప్లిడ్ అని పేరు పెట్టాడు. ఓరియన్ నీహారికలో ఇప్పటికి ఇలాంటివి నూట యాభైకి పైగా పట్టికకెక్కాయి.

ఒక ప్రొప్లిడ్‌ను దగ్గరగా చూస్తే దాని ఆకారంలోనే కథంతా ఉంటుంది. లోపల చక్రం, దాని నుంచి అన్ని వైపులా మెల్లగా లేస్తున్న వాయువు. ఆ వాయువు కొంతదూరం వెళ్ళాక భారీ నక్షత్రపు మొదటి పాయ కిరణాలకు దొరికి అయనీకరణ చెందుతుంది. భారీ నక్షత్రం వైపున్న ముఖం మీద అందుకే విల్లులా వంగిన వెలుగు గీత కనిపిస్తుంది. వెనుకవైపు వాయువు సన్నని తోకగా సాగుతుంది. తోకలు దాదాపు అన్నీ తీటా 1 సికి ఎదురు దిక్కునే చూపుతాయి. ఏ నక్షత్రం వల్ల ఇది జరుగుతోందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. కొన్నిటిలో లోపలి చక్రం నల్లని మచ్చగా కూడా కనిపిస్తుంది. కొన్ని చోట్ల వెలుగు ముఖమే ఉండదు, నీహారిక వెలుగు ముందు నల్లని చక్రం మాత్రమే అడ్డుగా కనిపిస్తుంది. అలాంటివి భారీ నక్షత్రానికి దూరంగానో, తెరచాటునో ఉన్నవి.

ఈ రెండో కోవకు చెందిన ఒక చక్రానికి డి203-506 అని పేరు. అంకెలు ఆకాశంలో దాని స్థానం నుంచి తీసుకున్నవి. అది మనకు అంచు వైపు నుంచి కనిపిస్తుంది, అందువల్ల వెలుగు నేపథ్యం మీద నల్లని కోలగీతలా ఉంటుంది. దాని నడిమి నక్షత్రం సూర్యుడిలో మూడో వంతు బరువుకు మించదు. చక్రం వ్యాసార్ధం దాదాపు 100 యూనిట్లు. అక్కడ తిరిగే వాయువు వేగం సెకనుకు 2 కిలోమీటర్ల లోపే. మొదటి పాయ కిరణాలు అక్కడికి చేరవు, రెండో పాయ మాత్రం దండిగా చేరుతుంది. అంటే రెండో పాయ ఒక్కటీ ఎంత పని చేయగలదో విడిగా కొలవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు, చిలీలోని ఆల్మా రేడియో దుర్భిణులు కలిసి దీన్ని పరిశీలించాయి. 2023లో ఇక్కడే మిథైల్ కేటయాన్ అనే అణువు దొరికింది. కార్బన్ రసాయనశాస్త్రంలో ఎన్నో చర్యలకు మొదటి మెట్టు అని భావించే ఈ అణువును సౌరకుటుంబానికి అవతల గుర్తించడం అదే మొదటిసారి. అతినీలలోహిత కాంతి అణువులను విరగ్గొట్టడమే కాదు, కొత్త అణువుల తయారీకి కావలసిన శక్తినీ ఇస్తుందని దాంతో తెలిసింది. 2024లో ఒలివియే బెర్నే నాయకత్వంలోని బృందం ఈ చక్రం నుంచి వాయువు ఎంత వేగంగా పోతోందో లెక్కకట్టింది. ఆ వేగం అలాగే కొనసాగితే 10 లక్షల ఏళ్ళ లోపే వాయువు ఖాళీ అవుతుంది. ఆ నక్షత్రానికి గురుడి లాంటి గ్రహం పుట్టే అవకాశం దాదాపు లేనట్టే.

ట్రపీజియానికి మరీ దగ్గరగా ఉన్న ప్రొప్లిడ్ల పరిస్థితి ఇంకా తీవ్రం. ఏడాదికి సూర్యుడి బరువులో కోటోవంతు పదార్థం వాటి నుంచి పోతోంది. కోటోవంతు అంటే తక్కువ అనిపిస్తుంది కానీ, సూర్యుడు భూమికి 3,33,000 రెట్లు బరువు. కాబట్టి ముప్ఫై ఏళ్ళకొకసారి ఒక భూమి బరువంత వాయువు పోతున్నట్టు. ఒక మాదిరి చక్రంలో ఉండేది సూర్యుడి బరువులో నూరో వంతు, అంటే పది గురుగ్రహాలంత. అది లక్ష ఏళ్ళలో అయిపోవాలి.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. ఆ నక్షత్రాల వయసు పది లక్షల ఏళ్ళకు తక్కువ కాదు. లక్ష ఏళ్ళలో అయిపోవలసిన చక్రాలు ఇంకా అక్కడ ఎలా ఉన్నాయి? ఈ ప్రశ్న ఇరవై ఏళ్ళకు పైగా నలిగింది. కొలతలు తప్పా, చక్రాల బరువు అనుకున్నదానికంటే ఎక్కువా అని అన్ని కోణాల నుంచీ వెతికారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే జవాబులో పలు ముక్కలున్నాయి. సమూహంలోని నక్షత్రాలన్నీ ఒకేరోజు పుట్టలేదు, కొన్ని లక్షల ఏళ్ళ తేడాలతో విడతలుగా పుట్టాయి. పుట్టిన కొత్తలో చుట్టూ మిగిలిన దట్టమైన మేఘమే వాటికి తెరగా నిలిచి కొంతకాలం కాపాడింది. పైగా నక్షత్రాలు ఒకేచోట నిలిచి ఉండవు. సమూహం లోపల తమ దారిలో తిరుగుతూ ఒకప్పుడు ట్రపీజియం దగ్గరికి వస్తాయి, తర్వాత దూరమవుతాయి. వెలుగు తీవ్రత దూరపు వర్గం లెక్కన తగ్గుతుంది కాబట్టి, రెట్టింపు దూరంలో నాలుగో వంతే తగులుతుంది. ఈ రోజు కాలుతున్నట్టు కనిపించే చక్రం ఈ మధ్యనే ఆ దగ్గరికి వచ్చినది కావచ్చు. ఆండ్రూ వింటర్ బృందం 2019లో ఈ ముక్కలను కలిపి లెక్క వేస్తే చిక్కు చాలావరకు విడిపోయింది. ఒక్క చిత్రాన్ని చూసి చక్రం భవిష్యత్తు చెప్పడం అందుకే ప్రమాదం. నక్షత్రం తన చిన్నతనంలో ఎక్కడెక్కడ తిరిగిందో కూడా లెక్కలోకి రావాలి.

చిత్రాల్లో ఆవిరి కనిపించని చోట్ల కూడా కోత జాడలు దొరుకుతాయి. ఆల్మా దుర్భిణులు చక్రంలోని ధూళి నుంచి వచ్చే మిల్లీమీటరు తరంగాలను పట్టి ధూళి బరువు కొలుస్తాయి. 2014లో రీటా మాన్ బృందం ట్రపీజియం చుట్టూ ఇలా కొలిచి, తీటా 1 సికి కాంతి సంవత్సరంలో పదో వంతు దూరం లోపల మూడు గురుగ్రహాల బరువు దాటిన చక్రం ఒక్కటీ లేదని చెప్పింది. గొల్లకావడి తూర్పు చివరి నక్షత్రం పక్కనే కాస్త కింద సిగ్మా ఓరియనిస్ అనే భారీ నక్షత్రం ఉంది. మామూలు కంటికి చిన్న చుక్క. దాని చుట్టూ ఉన్న సమూహానికి వయసు 30 నుంచి 50 లక్షల ఏళ్ళు, దూరం సుమారు 1,250 కాంతి సంవత్సరాలు. మేఘం చాలావరకు చెదిరిపోయింది, ప్రొప్లిడ్ల ఆర్భాటం లేదు. 2017లో మేగన్ ఆన్స్‌డెల్ బృందం అక్కడి 92 చక్రాలను కొలిచింది. సిగ్మా ఓరియనిస్‌కు దగ్గరయ్యేకొద్దీ చక్రాల ధూళి బరువు తగ్గుతూ వచ్చింది. ఒకటిన్నర కాంతి సంవత్సరం లోపల మూడు భూముల బరువుకు మించిన ధూళి ఏ చక్రంలోనూ లేదు. కార్బన్ మోనాక్సైడ్ వాయువు జాడ అయిదు కాంతి సంవత్సరాల ఆవల ఉన్న చక్రాల్లోనే దొరికింది. ఓరియన్ నీహారికలో జరుగుతున్నది కొన్ని లక్షల ఏళ్ళ తర్వాత ఏ లెక్కకు తేలుతుందో సిగ్మా ఓరియనిస్ చూపిస్తోంది. ఈ అధ్యాయంలోని సాక్ష్యాలన్నిటిలో బలమైనది ఇదే అనవచ్చు. ఒకే సమూహంలో, ఒకే వయసు నక్షత్రాల్లో తేడా కనిపించేది భారీ నక్షత్రం నుంచి దూరంలోనే.

భారీ నక్షత్రం అంత భారీది కాకపోయినా కోత తప్పదు. ఓరియన్ నీహారికకు ఉత్తరాన ఎన్‌జీసీ 1977 అనే చిన్న నీహారికను వెలిగించేది 42 ఓరియనిస్ అనే బి రకం నక్షత్రం. ఓ రకంతో పోలిస్తే చాలా తక్కువ తీవ్రత. అక్కడ కూడా ప్రొప్లిడ్లు ఉన్నట్టు 2016లో బయటపడింది.

ఓరియన్ దగ్గరగా ఉన్నందువల్ల మనకు బాగా కనిపిస్తుంది కానీ, భారీ నక్షత్రాల సంఖ్యలో అది చిన్న సమూహం. హంస రాశిలో సిగ్నస్ ఓబీ2 అనే సమూహంలో ఓ రకం నక్షత్రాలే యాభై దాకా ఉన్నాయి. దూరం 5,200 కాంతి సంవత్సరాలు. కోట నుంచి సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాల్లో హంస రాశి ఉత్తరాన బాగా ఎత్తులోనే ఉంటుంది, కానీ సమూహం మాత్రం కంటికి కనబడదు. మధ్యలో ఉన్న ధూళి దాని వెలుగును కొన్ని వందల రెట్ల నుంచి వెయ్యి పైచిలుకు రెట్ల దాకా తగ్గించేస్తుంది. చంద్రా ఎక్స్ కిరణ దుర్భిణితోనూ పరారుణ దుర్భిణులతోనూ అక్కడి చక్రాలను వెతికిన మారియో గ్వార్చెల్లో బృందం 2016లో ఒక లెక్క ప్రచురించింది. అతినీలలోహిత తీవ్రత తక్కువగా ఉన్న చోట నూటికి 40 నక్షత్రాలకు చక్రాలుంటే, తీవ్రత ఎక్కువైన చోట 18కే మిగిలాయి.

ఈ సమూహంలోని మరీ చిన్న నక్షత్రాలను లెక్కపెట్టిన పని తిరుపతిలో జరిగింది. అక్కడి ఐసర్ పరిశోధన సంస్థలో జెస్సీ జోస్ నాయకత్వంలోని బృందం హవాయి దీవుల్లోని 8.2 మీటర్ల సుబారు టెలిస్కోపుతో, దానికి అమర్చిన హైపర్ సుప్రీమ్ క్యామ్ అనే కెమెరాతో సిగ్నస్ ఓబీ2 ప్రాంతాన్ని చిత్రించింది. ఆకాశంలో ఒకటిన్నర డిగ్రీల వెడల్పు మేర, అంటే పక్కపక్కన పెట్టిన మూడు చంద్రుళ్ళంత, తీసిన ఆ చిత్రాల్లో ఏడు లక్షలకు పైగా చుక్కలున్నాయి. సౌమ్యా గుప్తా మొదటి రచయితగా ఆ పట్టిక 2021లో వెలువడింది. చుక్కల్లో ఎక్కువ భాగం సమూహానికి సంబంధం లేనివి, దారిలో ముందో వెనకో ఉన్న మామూలు నక్షత్రాలు. గణాంక పద్ధతిలో వాటిని తీసివేస్తే సమూహం నడిబొడ్డున ఉన్న పసి నక్షత్రాల వరస స్పష్టంగా తేలింది. వాటి సగటు వయసు దాదాపు 50 లక్షల ఏళ్ళు. ఈ పట్టిక లెక్కన చక్రాలు మిగిలినవి నూటికి సుమారు 9. వయసు వల్ల పోయినవి ఎన్ని, పొరుగు వెలుగు వల్ల పోయినవి ఎన్ని అని ఈ ఒక్క అంకె నుంచి విడదీయలేం. కానీ సూర్యుడిలో పదో వంతు బరువున్న నక్షత్రాల దాకా, అంతకన్నా చిన్నవాటి దాకా చూపు సాగడం ముఖ్యం. సిద్ధాంతం ప్రకారం కోత దెబ్బ అందరికంటే ఎక్కువ తగలవలసింది వాటికే. ఇంతకుముందు దూరపు సమూహాల్లో అంత చిన్నవి కనిపించేవే కావు.

అదే ఏడాది జెస్సీ జోస్, బెలిండా డామియన్, ఇంకొందరు కలిసి మరో ప్రశ్న అడిగారు. భారీ నక్షత్రాల పొరుగున అసలు పుట్టే నక్షత్రాల బరువుల్లోనే తేడా వస్తుందా? 50 లక్షల ఏళ్ళలోపు వయసున్న ఎనిమిది సమూహాలను పోల్చి చూస్తే, చిన్న నక్షత్రాల పాళ్ళు అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉన్నాయి. ఏ సమూహంలో చూసినా సూర్యుడిలో మూడో వంతు బరువు చుట్టుపక్కలే నక్షత్రాలు ఎక్కువగా గుమిగూడి ఉన్నాయి. ఈ ఫలితాన్ని చక్రాల మీది ఫలితాల పక్కన పెడితే ఒక చిత్రం కుదురుతుంది. పొరుగు వెలుగు నక్షత్రాల పుట్టుకను పెద్దగా మార్చదు, వాటికి గ్రహాలు పుట్టే అవకాశాన్ని మార్చేస్తుంది.

కోసే వెలుగును నేరుగా కొలవడం నేల మీద నుంచి కుదరదు. 300 నానోమీటర్ల లోపు కిరణాలను ఓజోన్ పొరా గాలీ అడ్డుకుంటాయి. 2015 సెప్టెంబరు 28 ఉదయం పది గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ30 రాకెట్ ఆస్ట్రోశాట్ ఉపగ్రహాన్ని మోసుకుని లేచింది. కోటకు శ్రీహరికోట దక్షిణాన దాదాపు 40 కిలోమీటర్లే కాబట్టి, ఆ ప్రయోగాలు కోటవాళ్ళకు ఊరి నుంచే కనిపిస్తాయి. ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత దుర్భిణి, అంటే యూవిట్, బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ నాయకత్వంలో తయారైంది. ఒక్కొక్కటి 38 సెంటీమీటర్ల అద్దంతో పక్కపక్కనే రెండు దుర్భిణులు అందులో ఉన్నాయి. ఒకదాని చూపు 130 నుంచి 180 నానోమీటర్ల మధ్య ఉంటుంది. చక్రాలను ఎక్కువగా కోసే రెండో పాయ నడిమి భాగం సరిగ్గా అదే. ట్రపీజియం వంటి కాంతివంతమైన చోటుకు దాన్ని తిప్పడం వీలు కాదు, సున్నితమైన గ్రాహకాలు దెబ్బతింటాయి. మసక నక్షత్రాల విషయంలో మాత్రం దానికి మంచి పని ఉంది. చక్రం నుంచి వాయువు ఇంకా నక్షత్రం మీదికి రాలుతుంటే ఆ తాకిడికి అతినీలలోహిత కాంతి పుడుతుంది. ధూళి ఉందో లేదో పరారుణం చెబితే, వాయువు ఇంకా పారుతోందో లేదో అతినీలలోహితం చెబుతుంది.

కోత తర్వాత ఏం మిగులుతుంది? వాయువుతోపాటు ఎగిరిపోయేది సన్నని ధూళి మాత్రమే. ఇసుక రేణువులు, గులకరాళ్ళంత పెరిగిన కణాలను ఆ పలచని వాయువు మోసుకుపోలేదు. నెల్లూరు తీరపు ఉప్పు మళ్ళలో నీరు ఆవిరై ఉప్పు అడుగున పేరుకున్నట్టు, చక్రంలో వాయువు పోయి బరువైన ధూళి పాలు పెరుగుతుంది. అయితే ధూళి ఆ పరిమాణానికి ఎదగడానికి ముందే కోత మొదలైతే గ్రహాల ముడిసరుకు కూడా పోతుంది. అందువల్ల ఏది ముందు జరిగిందన్నదే గ్రహాల కథను నిర్ణయిస్తుంది. మేఘపు తెర తొలగడానికి ఎన్ని లక్షల ఏళ్ళు పట్టిందన్నది అందుకే అంత ముఖ్యం.

లోపలి భాగానికి రక్షణ ఎక్కువ. నక్షత్రానికి ఒకటి రెండు యూనిట్ల దగ్గర గురుత్వాకర్షణ పట్టు బలంగా ఉంటుంది, పొరుగు వెలుగు అక్కడి వాయువును విడిపించలేదు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు వృశ్చిక రాశిలోని ఎన్‌జీసీ 6357 అనే ప్రాంతంలో ఎక్స్‌యూఈ1 అనే చక్రాన్ని పరిశీలించింది. చుట్టూ భారీ నక్షత్రాలున్నా దాని లోపలి భాగంలో నీటి ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్, ఎసిటిలిన్ దొరికాయి. ప్రశాంతమైన చోట పుట్టిన చక్రాల్లో కనిపించే సరుకే ఇది. భూమి వంటి రాతి గ్రహాలకు కావలసిన సామగ్రి భీకరమైన వెలుగు మధ్య కూడా నిలవగలదని దీనివల్ల ఆశ కలుగుతోంది. మనకు 40 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ట్రాపిస్ట్-1 నక్షత్రం బరువు సూర్యుడిలో పదో వంతు కంటే తక్కువ. దాని ఏడు గ్రహాలూ ఒక యూనిట్‌లో పదిహేనో వంతు లోపలే తిరుగుతున్నాయి. అలాంటి కుటుంబానికి బయటి చక్రం కోతకు గురైనా నేరుగా ముప్పు లేదు. కానీ ఆ గ్రహాల ముడిసరుకు బయటి నుంచే లోపలికి జారి ఉంటే, బయటి కోత ఆ సరఫరాను మధ్యలోనే ఆపేయగలదు.

ప్రశాంతమైన చోటు ఎలా ఉంటుందో వృషభ రాశి చూపిస్తుంది. పిల్లలకోడికీ రోహిణికీ చుట్టుపక్కల, 450 కాంతి సంవత్సరాల దూరంలో నక్షత్రాలు పుట్టే మేఘాలున్నాయి. ఓ రకం నక్షత్రం ఒక్కటీ అక్కడ లేదు. 2014లో ఆల్మా తీసిన, హెచ్ఎల్ టారీ అనే నక్షత్రపు చక్రం చిత్రం అక్కడిదే. వెలుగు వలయాలూ వాటి మధ్య నల్లని ఖాళీలూ చెక్కుచెదరకుండా ఉన్న ఆ చక్రం వ్యాసార్ధం 100 యూనిట్ల చుట్టుపక్కల ఉంటుంది. చాలాకాలం పాటు గ్రహాల పుట్టుక గురించి తెలుసుకున్నదంతా ఇలాంటి చోట్ల నుంచే వచ్చింది. అవి దగ్గరగా ఉన్నాయి, చూడడం తేలిక. ఆ చిత్రాన్నే అన్ని నక్షత్రాలకూ వర్తింపజేయడం సరికాదు.

సూర్యుడు ఈ రెండింటిలో ఎలాంటి చోట పుట్టాడు? కొన్ని ఆనవాళ్ళు గుంపు వైపే చూపుతున్నాయి. ఉల్కాశిలల్లోని అతి పాత గింజల్లో అల్యూమినియం-26 ఒకప్పుడు ఉన్నట్టు జాడలున్నాయి. ఈ రేడియోధార్మిక అల్యూమినియం ఏడు లక్షల ఏళ్ళకే సగమైపోతుంది. కాబట్టి సౌరకుటుంబం ఏర్పడే సమయానికి అది కొత్తగా తయారై వచ్చి చేరి ఉండాలి. దాన్ని తయారుచేసి వెదజల్లగలిగేవి ముఖ్యంగా భారీ నక్షత్రాలు. రెండో ఆనవాలు నెప్ట్యూన్ ఆవల ఉన్న మంచు తునకల పట్టీ. ఆ పట్టీలోని పాత, ప్రశాంతమైన కక్ష్యల తునకలు సుమారు 50 యూనిట్ల దగ్గర హఠాత్తుగా తగ్గిపోతాయి. చుట్టుపక్కల నక్షత్రాల్లో ఒకటి దగ్గరగా దాటిపోయి ఆ అంచును చెదరగొట్టిందని కొందరి వాదన. పొరుగు వెలుగే చక్రాన్ని అంత దాకా కోసిందని ఇంకొందరి వాదన. అంచు దగ్గర కోత జరిగి ఉన్నా గురుడు, శని వాయువును పోగు చేసుకోగలిగాయి. అవి ఉన్నది 5, 10 యూనిట్ల దగ్గర, కోతకు చివరగా అందే చోట.